పనిలోంచి తీసేసిన మనిషి మళ్లీ తెర మీదికి రావద్దు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో పాత అమెరికన్ సస్పెన్స్ టీవీ కథల మీద వేసిన వ్యాసం బాగుంది. ఒక్కచోట మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. సస్పెన్స్ సినిమాల దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ టీవీకి చేసిన అరగంట కథల్లోని ‘బ్రేక్‌డౌన్’ గురించి చెబుతూ, పని పోయిన ఉద్యోగి యజమాని మీద పగ తీర్చుకునే కథ అని రాశారు. ఆ ఎపిసోడ్‌లో ఉద్యోగి పగ తీర్చుకోడు. తీర్చుకోవాలన్న ఆలోచన అతనికి వచ్చినట్టు కూడా కనపడదు. ఇంత చిన్నదానికి ఇంత పొడుగు ఉత్తరం ఎందుకంటే, నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ పిల్లలు ఇప్పుడు ఫోన్లతో, అద్దె కెమెరాలతో షార్ట్ ఫిల్ములు తీస్తున్నారు. అందులో యజమాని, పనోడు కథలు తరచుగా వస్తున్నాయి. వాటిని చెడగొడుతున్నది సరిగ్గా ఈ అపోహే. పని పోయినవాడు పదో నిమిషంలో కత్తి పట్టుకునో, పెట్రోలు సీసా పట్టుకునో తిరిగొస్తాడు. వాడు వచ్చిన క్షణానికి సస్పెన్స్ పోయి కొట్లాట మిగులుతుంది.

ముందు ఆ ఎపిసోడ్ సంగతి. 1955 అక్టోబర్ 2న అమెరికాలో సీబీఎస్ చానెల్‌లో ‘ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ప్రెజెంట్స్’ అనే ఈ సీరియల్ మొదలైంది. 1962 దాకా అరగంట కథలు 268, ఆ తర్వాత 1965 దాకా గంట కథలు 93 వచ్చాయి. అరగంట కథల్లో హిచ్‌కాక్ స్వయంగా దర్శకత్వం చేసినవి 17 మాత్రమే. ‘బ్రేక్‌డౌన్’ వాటిలో ఒకటి, 1955 నవంబర్ 13న ప్రసారమైంది. కథ లూయిస్ పొలాక్‌ది, యజమాని పాత్ర జోసెఫ్ కాటన్‌ది. కాల్యూ అనే వ్యాపారి ఫ్లోరిడాలో సెలవులో ఉండి, తన సంస్థలో ఏళ్ల తరబడి పనిచేసిన ఉద్యోగిని తీసేస్తాడు. అవతల మనిషి ఫోన్‌లో ఏడుస్తాడు. కాల్యూకు జాలి కలగదు, రోత కలుగుతుంది. మగాడై ఉండి ఏడవడమేంటని పక్కనున్న మిత్రుడితో అంటాడు. తర్వాత కారులో ఇంటికి బయల్దేరతాడు. ఖైదీలతో రోడ్డు పని చేయిస్తున్న చోట కారు ఒక యంత్రాన్ని గుద్దుకుంటుంది. ఒళ్లు కదలదు, నోరు పెగలదు, మనసు మాత్రం మేలుకునే ఉంటుంది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి టైర్లు, బట్టలు, సామాన్లు పట్టుకుపోతారు. అందరికీ అతను శవమే. ఒక వేలు కదులుతోందని అతనికి తెలుస్తుంది. ఆ వేలితో చప్పుడు చేద్దామంటే ఒకచోట చుట్టూ గోలలో వినపడదు, ఇంకోచోట చెయ్యే ఒంటి కింద ఇరుక్కుంటుంది. శవాల గదిలో చివరికి అతన్ని బతికించేది కంట్లోంచి జారిన నీటి బొట్టు.

ఫోన్ పెట్టేశాక ఆ ఉద్యోగి మళ్లీ కథలోకి రాడు. తీసేసినవాడు శపించలేదు, బ్రేకులు కోయలేదు, దారి కాయలేదు. దేన్ని చూసి కాల్యూ అసహ్యించుకున్నాడో అదే కన్నీరు అతని ప్రాణానికి ఆధారమైంది. లెక్క సరిచేసింది మనిషి కాదు, కథ కట్టిన తీరు. ఈ ఒక్క సంగతి మన పిల్లలకు అందితే చాలనుకుంటాను.

ఇక మనవాళ్ల దగ్గర ఏది, ఎందుకు చెడుతోందో చెబుతాను.

మొదటిది, యజమానిని మరీ నల్లగా పూస్తున్నారు. సేటు తాగుతాడు, తిడతాడు, కూలోళ్ల ఆడవాళ్ల మీద కన్నేస్తాడు, చెంప మీద కొడతాడు. అట్లాంటివాడి తలకాయలో ప్రేక్షకుడు పది నిమిషాలు కూర్చోలేడు. ఎప్పుడు చస్తాడా అని చూస్తాడు. చావాలని కోరుకునేవాడి గురించి భయం పుట్టదు, భయం లేకపోతే సస్పెన్స్ లేదు. కాల్యూ మర్యాదస్తుడు. గొంతు పెంచడు. తన లెక్క తనకు న్యాయంగానే ఉంటుంది. కెమెరా మొత్తం అతని పక్షానే ఉంటుంది, పని పోయినవాడి పక్షాన ఉండదు. వినడానికి కష్టంగా ఉంటుంది గానీ పగ కథకు కిటుకు ఇక్కడే ఉంది. దెబ్బ తిన్నవాడి బాధ మనకు ముందే తెలుసు, దాన్ని ఇంకో పది నిమిషాలు చూపిస్తే కొత్తగా తెలిసేదేం లేదు. దెబ్బ కొట్టినవాడి లోపల ఇరుక్కుపోయినప్పుడే మనకు ఊపిరాడదు.

రెండోది, ప్రమాదం ఊరికే వచ్చి పడుతోంది. పిడుగు పడుతుంది, లారీ వచ్చి గుద్దుతుంది, పాము కరుస్తుంది. యజమాని చేసిన పనికీ జరిగిన ప్రమాదానికీ లంకె ఉండదు. ‘బ్రేక్‌డౌన్’లో కూడా కారు గుద్దుకోవడం యాదృచ్ఛికమే, దాన్ని చివరి కన్నీటి బొట్టు నిలబెట్టింది. మనం అంతకంటే గట్టి లంకె వేయొచ్చు. ఎందుకంటే పని ఎట్లా జరుగుతుందో, ఒక మనిషిని తీసేస్తే అది ఎట్లా ఆగుతుందో మన ప్రేక్షకుడికి బాగా తెలుసు.

మిర్యాలగూడ రైస్ మిల్లునే తీసుకోండి. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పండిన వడ్లు, కోతల కాలంలో మిల్లుల ముందు ట్రాక్టర్ల బారు. ఇది ఇక్కడ ఎవరికీ వివరించి చెప్పాల్సిన పని లేదు. మిల్లుకు వేబ్రిడ్జి, అంటే బండినంతా ఎక్కించి తూచే కాంటా, ఒకటే. వడ్ల ట్రాలీ ముందు నిండుగా దాని మీదికి ఎక్కాలి, లోపలికి పోయి ఖాళీ చేయాలి, మళ్లీ ఖాళీగా దాని మీదికే రావాలి. రెండు తూకాల తేడా రైతు తక్‌పట్టీ (తూకం లెక్క రాసిచ్చే చీటీ) మీద పడుతుంది. పాత కాంటా గుమాస్తా ఒక నిండు బండిని లోపలికి వదిలితే ఒక ఖాళీ బండిని బయటికి వదులుతాడు. అది రూలు పుస్తకంలో ఉండదు, అతని కంట్లో ఉంటుంది. పొద్దున తొమ్మిదింటికి సేటు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి అతన్ని తీసేశాడనుకుందాం. కాంటా మీద సేటు మేనల్లుడు కూర్చున్నాడు. బయట రైతులు అరుస్తున్నారని నిండు బండ్లన్నీ వరసగా లోపలికి వదిలాడు. గంటలో యార్డు నిండిపోయింది. దించడానికి చోటు లేదు, ఖాళీ బండ్లు బయటికి రావడానికి దారి లేదు. ఇంతకుముందు బండికి ఎనిమిది నిమిషాలు పట్టేది, ఇప్పుడు ఇరవై ఐదు పడుతోంది.

లెక్క వేసి చూడండి. పది నుంచి రాత్రి ఎనిమిది దాకా 600 నిమిషాలు. పాత పద్ధతిలో 75 బండ్లు పోయేవి. ఇప్పుడు పోయినవి 24. మిగిలినవి 51. ట్రాక్టర్, ట్రాలీ, మధ్యన సందు కలిపి బండికి పది మీటర్లు వేసుకుంటే బారు 510 మీటర్లు. మిల్లు గేటు నుంచి పెద్ద రోడ్డుకు అర కిలోమీటరు అని మొదట్లోనే ఒక బోర్డు చూపించి ఉంటే, చివరి ట్రాలీ ఎక్కడ ఆగి ఉంటుందో ప్రేక్షకుడే లెక్క కట్టుకుంటాడు. దాని వెనక ఎర్ర రిఫ్లెక్టర్ మీద గోనె సంచి వేలాడుతోంది. సేటు నార్కట్‌పల్లి దగ్గర మలుపు తిరిగి, నల్లగొండ దాటి, తిప్పర్తి మీదుగా చీకట్లో వస్తున్నాడు. గుమాస్తా ఎవరినీ ఏమీ చేయలేదు. తాళాలు, తక్‌పట్టీ బుక్కులు, రబ్బరు స్టాంపు లెక్కగా అప్పజెప్పి ఇంటికి పోయాడు. సేటును గుద్దింది సేటు చేసిన పనే.

ఈ అంకెలు సంభాషణల్లో చెప్పించొద్దు. గడియారం, బండ్ల బారు, మేనల్లుడి మొహం మీది చెమట, ఈ మూడూ మార్చి మార్చి చూపిస్తే సరిపోతుంది. అంకె మాత్రం స్క్రిప్టు రాసేవాడి దగ్గర సరిగ్గా ఉండాలి. బారు కిలోమీటరున్నర అని రాసి, షూటింగులో ఆరు ట్రాక్టర్లు నిలబెట్టినప్పుడే అబద్ధం దొరికిపోతుంది. ఆరు ట్రాక్టర్లతో కూడా తీయొచ్చు. పగలు గేటు దగ్గర ఒకసారి, మధ్యలో ఒకసారి, రాత్రి చివర ఒకసారి అవే ఆరు బండ్లను జరిపి నిలబెట్టి, మొత్తం బారును ఎప్పుడూ ఒక్క షాట్‌లో చూపించకుండా ఉండాలి.

ఫోన్ సీను మీద అన్నిటికంటే ఎక్కువ కష్టపడాలి. పదిహేను నిమిషాల సినిమాలో దానికి మూడు నిమిషాలు ఇవ్వండి. మనవాళ్లు ముప్ఫై సెకన్లలో ముగించి యాక్సిడెంట్‌కు పరుగెత్తుతున్నారు. సేటు గొంతు నింపాదిగా ఉండాలి. “ఇరవై రెండేండ్ల సంది ఇదే కాంటా మీద ఉన్న సేట్, నాకు ఇంకో పని రాదు” అని అవతల గొంతు వణికితే, “పెద్దమనిషివి, ఏడుస్తవేంది? నీ లెక్క నేను పంపిస్తగద” అనాలి. ఆ లెక్క నిజంగా కాగితం మీద వేయించండి. గ్రాట్యుటీ అంటే చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, నిండిన ఏళ్లతో గుణించాలి. పదమూడు వేల జీతమైతే ఏడాదికి 7,500, ఇరవై రెండేళ్లకు 1,65,000. సేటు ఆ అంకెను ఫోన్ చెవిన పెట్టుకునే క్యాలిక్యులేటర్‌లో కొట్టి చూసుకుని, అన్యాయం ఏం చేయడం లేదని తృప్తి పడాలి. ఒక్క తిట్టు లేకుండా మనిషి ఎంత కఠినంగా ఉండగలడో ఆ తృప్తిలో కనిపిస్తుంది. తర్వాత పక్కనున్నవాడితో ఒకే మాట: “ఏడ్చే మనుషులంటే నాకు సయించదు.” ఈ మాట ఒక్కసారే రావాలి. రెండోసారి అనిపిస్తే చివర కన్నీరు వస్తుందని ప్రేక్షకుడు ముందే పట్టేస్తాడు.

1955 కథను ఇప్పటికి తెచ్చేటప్పుడు మూడు అడ్డంకులు వస్తాయి. సెల్‌ఫోన్ ఒకటి. దాన్ని పగలగొట్టేసి తప్పించుకోవద్దు, వాడుకోండి. డ్యాష్‌బోర్డు మీద ఫోన్ మోగుతూనే ఉంటుంది, తెర మీద మేనల్లుడి పేరు, బండ్ల సంగతి అడగడానికి. పొద్దున ఫోన్ మీద మనిషిని తీసేసినవాడికి రాత్రి ఫోన్ ఎత్తడానికి చెయ్యి రాదు. మొదట వచ్చిన దొంగ ఆ మోగుతున్న ఫోనే పట్టుకుపోతాడు. రెండోది ఎయిర్‌బ్యాగ్. ఎత్తుగా ఉన్న ట్రాలీ కిందికి కారు ముక్కు దూరిపోతే దెబ్బ బంపర్ మీద కాకుండా అద్దం మీద పడుతుంది, ఎయిర్‌బ్యాగ్ సమయానికి విచ్చుకోకపోవచ్చు. అందుకే ట్రాలీ అంటున్నాను, చెట్టు కాదు. మూడోది 108. శవాల గది దాకా కథను లాగితే ఈ రోజుల్లో నమ్మరు. 108 టెక్నీషియన్ రాగానే వేలికి ఆక్సిమీటర్ పెడతాడు, మెషీన్ నాడి చూపిస్తుంది, కథ అక్కడితో అయిపోతుంది. కాబట్టి మన కథ రోడ్డు మీదే ముగియాలి. చుట్టుపక్కలవాళ్లు వచ్చి, చచ్చిపోయాడనుకుని, కారులోంచి తీసి వెల్లకిలా పడుకోబెట్టి, వడ్ల మీద కప్పే టార్పాలిన్ పట్టా అతని మీద కప్పుతారు. 108 వచ్చేదాకానే కథ.

డాక్టర్లు ప్రేక్షకుల్లో ఉంటారు కాబట్టి ఇంకొక మాట. మెడ దగ్గర వెన్ను దెబ్బతింటే కాళ్లు చేతులు పడిపోతాయి గానీ కనురెప్పలు ఆడతాయి, మొహం కదులుతుంది. మెదడు కాండం దెబ్బతింటే ఒళ్లంతా పోయి కళ్లు పైకి కిందికి కదలడం మాత్రం మిగలొచ్చు. కథలో ఉన్నది ఈ రెంటిలో దేనికీ అచ్చంగా సరిపోదు. కాబట్టి కారణం ఎవరి నోటా చెప్పించొద్దు. చెప్పించిన క్షణమే తప్పు పట్టుకుంటారు.

యాక్సిడెంట్ తీయడానికి కారు పగలగొట్టనక్కర్లేదు, పెద్ద రోడ్డు మీదికి అస్సలు పోవద్దు. సీజన్ లేనప్పుడు మిల్లు లోపలి రోడ్డు మీద, యజమాని అనుమతితో తీయండి. హెడ్‌లైట్ వెలుగు ట్రాలీ వెనక పలక మీద పెరుగుతుంది. బ్రేకు చప్పుడు సెకను లోపే, ఆ వెంటనే పన్నెండు ఫ్రేములు నలుపు, అంటే అర సెకను. నలుపులో రేకు నలిగిన చప్పుడు, దాని వెనకే వడ్లు జారే చప్పుడు. చిరిగిన బస్తాలోంచి వడ్లు అద్దం మీద పడుతూనే ఉంటాయి. రెండు బస్తాలు, ఎనభై కిలోలు చాలు, కింద పట్టా పరిచి మళ్లీ ఎత్తి పోసుకోవచ్చు. వడ్ల నూగు కంట్లో పడితే నటుడు రెప్ప కొట్టకుండా ఉండలేడు, ఒళ్లు దురద పెడుతుంది, రాత్రంతా షూటింగ్ ఆగిపోతుంది. శుభ్రంగా తూర్పారబట్టిన వడ్లే తెచ్చుకోవాలి, ధార బానెట్ మీదికి పడాలి, మొహం వైపు కాదు.

ఇక కదలని మొహం. హిచ్‌కాక్ కెమెరా ఆ మొహం మీదే మళ్లీ మళ్లీ నిలబడుతుంది, ప్రమాదం తర్వాత కథ ఎక్కువగా మనసులోని గొంతుతో నడుస్తుంది. కదలని మనిషితో అంత ఉత్కంఠ పుట్టించడం కూర్పు పని. ఈ ఎపిసోడ్ ఎడిటింగ్‌కే ఎడ్వర్డ్ విలియమ్స్‌కు 1956లో ఎమ్మీ అవార్డు వచ్చింది. మన ఎడిటింగ్ పిల్లలు దీన్ని పాఠంలా చూడాలి. మామూలు మనిషి నిమిషానికి పదిహేను, ఇరవై సార్లు రెప్ప కొడతాడు. ఎంత సాధన చేసినా అర నిమిషం దాటితే కళ్లు మండుతాయి, నీళ్లు కారతాయి. ఆ నీళ్లు ముందే కనపడితే చివరి బొట్టుకు విలువ పోతుంది. అందుకని ఎనిమిది, పది సెకన్లకు మించకుండా షాట్లు తీసి, మధ్యలో అతనికి కనిపించేవి వేయాలి: పగిలిన అద్దం, వచ్చినవాళ్ల కాళ్లు, టార్చి వెలుగు. ఊపిరి పూర్తిగా వదిలాక షాట్ మొదలుపెట్టండి, ఛాతీ ఫ్రేములోకి రాకూడదు, గడ్డం కింద మెడ దగ్గర నాడి కొట్టుకోవడం కనపడితే కండువా వేయండి.

కొందరు వీడియోకు బదులు ఫొటో పెట్టి లాగించేస్తున్నారు. పెట్టొచ్చు గానీ రెండు చోట్ల దొరికిపోతారు. ఫొటోలో మసక చుక్కలు కదలవు, పక్క షాట్‌లో కదులుతాయి. ఎడిటింగ్‌లో సన్నని గ్రెయిన్, అంటే కదిలే చుక్కల పొర, మొత్తం మీద వేస్తే కలిసిపోతుంది. రెండోది జుట్టు. వీడియోలో గాలికి నుదుటి మీద వెంట్రుక ఆడుతుంది, ఫొటోలో ఆగిపోతుంది. తలకు నూనె బాగా పట్టించి వెనక్కి దువ్వితే ఈ పీడ పోతుంది.

మనసులోని గొంతు విడిగా రికార్డు చేయాలి. మంచాల మీది బొంతలు, దుప్పట్లు గోడలకు వేలాడదీసిన చిన్న గదిలో, మైకు నోటికి నాలుగు నుంచి ఆరు అంగుళాల దూరంలో, కొంచెం పక్కకు. ప్రతిధ్వని కలపొద్దు. ప్రతిధ్వని పెడితే దేవుడు మాట్లాడినట్టు ఉంటుంది గానీ మనిషి భయపడినట్టు ఉండదు. తెర మీద కనపడుతున్నదాన్ని గొంతు మళ్లీ చెప్పకూడదు. దొంగ టైరు విప్పుతుంటే “టైరు విప్పుతుండు” అనొద్దు, “ఇటు సూడరా ఒక్కసారి” అనాలి. సేటు ఏ యాసలో ఫోన్ మాట్లాడాడో అదే యాసలో మనసు కూడా మాట్లాడాలి. పుస్తకాల తెలుగులో భయపడే నల్లగొండ సేటును ఎవరూ నమ్మరు. మొదట్లో ఆ గొంతు ఆజ్ఞలిస్తుంది, తర్వాత బేరమాడుతుంది, ఆఖరుకు బతిమాలుతుంది. ఈ దిగడం ఒక్క మెట్టుగా కాకుండా, వచ్చిన ప్రతి మనిషి వెళ్లిపోయినప్పుడు ఒక్కో మెట్టు కావాలి.

వేలి చప్పుడు కూడా అంతే శ్రద్ధగా చేయాలి. తలుపు రేకు మీద గోటితో కొట్టింది విడిగా రికార్డు చేసుకోండి. మొదటిసారి ప్రేక్షకుడికి స్పష్టంగా వినిపించి, తర్వాత దాన్ని ఒక ఇంజిన్ చప్పుడుతో కప్పేయాలి. ఏ ఇంజిన్? బారులోని ట్రాక్టర్లే. ముందు బండి కదిలిందని వెనకవాళ్లంతా ఒకేసారి స్టార్ట్ చేస్తారు. కాంటా ఎట్టకేలకు కదిలింది, దాంతోనే సేటు చప్పుడు మునిగిపోయింది. పైనుంచి సంగీతం పోస్తే ఇదంతా దండగ.

ఆఖరి కన్నీరు. మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్‌ను అలాగే వేస్తే చిక్కగా ఉండి బొట్టు కదలదు. సమానంగా నీళ్లు కలిపి డ్రాపర్‌తో ఒకే బొట్టు, కంట్లో కాదు, కంటి కొనకు బయట చర్మం మీద. చిక్కని గ్లిజరిన్ కంట్లో పడితే మంట, ఎరుపు, ఆ రాత్రికి ఇంకో టేక్ ఉండదు. మెంథాల్ వాడితే రెప్పలు టపటపా కొట్టుకుంటాయి, కదలని మనిషికి పనికిరాదు. ఎక్కువమంది చేసే తప్పు ఏంటంటే, వెల్లకిలా పడుకున్న మనిషి కన్నీరు బుగ్గ మీదుగా గడ్డం వైపు జారుతున్నట్టు చూపించడం. పడుకున్నవాడి కన్నీరు కంటి బయటి కొనలోంచి కణత మీదుగా చెవి వైపు పోతుంది. లైటు పక్క నుంచి తక్కువ ఎత్తులో ఉండాలి, ఎదురుగా ఉంటే నీరు మెరవదు. ముందే ఆ దారి పొడుగునా దుమ్ము పూసి పెట్టండి, బొట్టు జారినచోట చర్మం రంగు తేలుతుంది, వెలుగు తక్కువున్నా కెమెరాకు అందుతుంది.

పాలమూరు వైపు పిల్లలు ఇదే కథ కట్టుబడిని గుంపు మేస్త్రీ (కూలీలను గుంపుగా పనికి తీసుకుపోయేవాడు) కథకు వాడుకోవచ్చు. అడ్వాన్సు లెక్కలో కూలీని పనిలోంచి పంపేసిన మేస్త్రీ, ఆ కూలీ ఒక్కడికే ఎక్కడ మట్టి వదులుగా ఉందో తెలిసిన కందకం. లంకె అదే, పని వేరు. యంత్రాల కథ కావాలనుకునేవాళ్లు ‘ట్విలైట్ జోన్’ సీరియల్‌లో 1964 మే 15న వచ్చిన ‘ది బ్రెయిన్ సెంటర్ ఎట్ విపుల్స్’ చూడాలి. మనుషుల్ని తీసేసి యంత్రాలు పెట్టిన ఫ్యాక్టరీ యజమాని సీటులోకి చివరికి యంత్రమే వస్తుంది. బియ్యంలో రాళ్లు, రంగు మారిన గింజలు వేరుచేసే సార్టెక్స్ మెషీన్ వచ్చాక చేత్తో రాళ్లు ఏరే ఆడవాళ్ల పని పోయిన మన మిల్లులకు అది దగ్గరి కథ. దాన్ని రాసిన రాడ్ సెర్లింగ్ అందులో ఉపన్యాసాలు కొంచెం ఎక్కువ చెప్పించాడు, వాటిని వదిలేసి కట్టుబడి తీసుకుంటే మేలు.

మనిషే పగ తీర్చుకునే కథ రాసి తీరాలంటే, హిచ్‌కాక్ సీరియల్ మొట్టమొదటి ఎపిసోడ్ ‘రివెంజ్’ చూసి రాయండి. తన మీద దాడి చేసినవాడు వీడేనని భార్య చూపిస్తుంది, భర్త వాణ్ని చంపేస్తాడు, కొంచెంసేపటికి ఆమె ఇంకొకణ్ని చూపించి వీడేనంటుంది. చేతులతో తీర్చుకున్న పగను ఆ సీరియల్ మొదటి రోజే ఎక్కడ ఆపిందో అందులో తెలుస్తుంది.

మళ్లీ మిల్లు కథకు వస్తే, నిడివి పంపకం ఇట్లా పెట్టుకోవచ్చు: ఫోన్ మూడు నిమిషాలు, కాంటా దగ్గర గందరగోళమూ సేటు ప్రయాణమూ కలిపి రెండు, గుద్దుకోవడమూ తెలివి రావడమూ ఒకటి, మొదట వచ్చిన దొంగకు మూడు, తర్వాత వచ్చిన గుంపుకు మూడు, పట్టా కింద చీకటి రెండు, కన్నీరు ఒకటి. పట్టా కింద రెండు నిమిషాలు చూడటానికి ఏమీ ఉండదని భయపడి తగ్గిస్తారు. తగ్గించొద్దు. అక్కడ గొంతు ఒక్కటే ఉంటుంది, ఆ గొంతులో సేటు మొదటిసారి కాంటా దగ్గరి మనిషిని పేరు పెట్టి పిలవొచ్చు. అంతవరకూ గుమాస్తా అనే అన్నాడు కాబట్టి ఆ పేరు వింటేనే చాలు, క్షమాపణ మాటలు అక్కర్లేదు.

పట్టా ఎత్తేది 108 టెక్నీషియన్ కావాలి. గుమాస్తా కాకూడదు, గుమాస్తా కొడుకు కూడా కాకూడదు. టార్చి వెలుగు కణత మీది తడి మీద ఆగాలి, టెక్నీషియన్ పక్కవాణ్ని పిలవాలి, అక్కడే కట్. ఆస్పత్రిలో సేటు కోలుకుని గుమాస్తా ఇంటికి పోయి దండం పెట్టే సీను ఇప్పటికే రాసుకుని ఉంటే, షూటింగ్ డేట్లు పెట్టుకోకముందే స్క్రిప్టులోంచి తీసేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా